ట అయిపోయిన వారం

అనగనగా అంటే చాలు, మా గట్టువలస వాళ్ళు కథ ఆపేస్తారు. "ఎవరు అనగా?" అని అడుగుతారు. కొండల అంచున, ఏటి ఒడ్డున, రెండు సీమల నడుమ ఉన్న ఊరది. ఇవతల ఒక భాష, అవతల ఇంకో భాష. అవతలి వాళ్ళు నవ్వితే ఇవతలి వాళ్ళు తలుపులు వేసుకునేవాళ్ళు. అందుకే ముందే చెబుతున్నాను, ఈ కథ నేను విన్నదే. చూసింది కాదు.

ఆ ఊళ్ళో తవిటయ్య అని ఒకాయన ఉండేవాడట. బక్క మనిషి. పాత అచ్చుయంత్రం ఒకటి, భార్య ఎర్రెమ్మ, అంతే ఆయన సంసారం. సంత రోజు కల్లా 'ఏటిగట్టు' అని ఒక్క కాగితం పత్రిక వేసేవాడు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చేవాడు. ఆయనకొక పట్టుదల ఉండేది. కళ్ళతో చూస్తే 'వచ్చింది' అని వేసేవాడు. చెవితో వింటే 'వచ్చిందట' అని వేసేవాడు. విన్నదానికి ట పెట్టకుండా ఏనాడూ వేయలేదు.

ఆ ట చూసే ఊరు ఆయన్ని ప్రెసిడెంటుని చేసింది. చేసిన మర్నాటి నుంచే అనుమానించింది. ఇవతలి వాళ్ళు "ఆడు అవతలోళ్ళ మనిసి" అన్నారు. అవతలి వాళ్ళు ఇవతలి మనిషన్నారు. ఠాణా వాళ్ళు ఇద్దరి మనిషీ అన్నారు. పదవి అడగలేదని ఒక అనుమానం, ఇస్తే పుచ్చుకున్నాడని ఇంకో అనుమానం. మా వాళ్ళని మెప్పించడం బ్రహ్మతరం కూడా కాదు.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. గురువులు నాయుడనే పెద్ద రైతు పశువులు మూడు, బావి దగ్గర నీళ్ళు తాగి నురగలు కక్కి చచ్చాయి. ఆ నోటా ఈ నోటా కబుర్లు పుట్టాయి. అవన్నీ వినికిడి కబుర్లే. పేర్చీ పేర్చీ, గురువులు నాయుడు చెప్పిన చివరి వార్తకి వచ్చేసరికి ట అక్షరాల అర ఖాళీ అయింది.

"ట నేదే" అన్నాడు తవిటయ్య.

"అయితే ఆ కబురు మానీ" అంది ఎర్రెమ్మ.

"మానీస్తే ప్రెసిడెంటు దాసీసినాడు అంటారు."

"ఇన్నమాటకి ట నేకపోతే ఎలాగయ్యా?"

"ఒక్క అచ్చరానికి కొంపలు మునిగిపోతాయేటి?"

'అవతలి వాళ్ళు బావిలో మందు కలిపారు' అని అచ్చయింది.

కొంపలు మునిగేదాకా వచ్చింది. దేన్నీ నమ్మని ఊరు ట లేని వార్తని నమ్మేసింది. సంతలో బేరాలు ఆగిపోయాయి. మగాళ్ళంతా గొడ్డళ్ళు పట్టుకుని రేవుకి బయల్దేరారు. ఏటికి అవతల పిల్లా పాపా ఉన్న గుడిసెలు.

తవిటయ్య అడ్డదారిన పరుగెత్తి రేవులో నిలబడ్డాడు. వెనకే ఎర్రెమ్మా వచ్చింది.

"ఆగండర్రా! నాను సూడనేదు. ట అయిపోయింది."

"అయిపోడానికి ఉప్పా, పప్పా?" అన్నాడు గురువులు నాయుడు. "ఆళ్ళకి అమ్ముడుపోయినావు."

"నన్ను నమ్మొద్దు. సూసినోళ్ళు ముందుకి రండి. ఇన్నోళ్ళు ఎనక్కి తగ్గండి."

ఒకసారి అడిగాడు. ఎవరూ కదల్లేదు. రెండోసారి అడిగాడు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మూడోసారి అడిగాడు.

"నువ్వే కదేటి రాసినావు!" అని అరిచాడు గురువులు నాయుడు.

"నువ్వు సెప్పినావని నాను రాసినాను. నాను రాసినానని నువ్వు నమ్మినావు. సూసినోడేడీ?"

గురువులు నాయుడు గొడ్డలి కిందకి దించాడు. కానీ అనుమానం అంత తొందరగా చస్తుందా? వెనకనుంచి ఎవరో అన్నారు, "అయితే ఆ బావి నీళ్ళు తాగమను."

ముంతతో తెచ్చారు. తవిటయ్య ముంత అందుకున్నాడు. ఆ నీళ్ళలో ఏముందో ఆయనా చూడలేదు మరి. ఎర్రెమ్మ వైపు ఒకసారి చూసి, గటగటా తాగేశాడు. జనం చుట్టూ కూర్చుని, ఎప్పుడు పడతాడా అని పొద్దుగూకేదాకా చూశారు. పడలేదు. గొడ్డళ్ళు ఇంటికెళ్ళాయి. వానల్లేక విషమెక్కిన జొన్న దుబ్బుల పిలకలు మేసి పశువులు చచ్చాయని తర్వాత తేల్చారట. విరుగుడు మింగి వచ్చాడని కూడా కొందరు అన్నారట.

మరుసటి వారం పత్రికలో ఒక్కటే వార్త: 'పోయిన వారం నేను అబద్ధం వేశాను.' ఆ రోజే పదవి వదిలేశాడు. ఎందుకు వదిలాడా అని దానికీ అనుమానించారు.

చాలా ఏళ్ళకి ఒకనాడు, తవిటయ్య పోయాడట అని కబురొచ్చింది. ఎవరూ నమ్మలేదు. "నువ్వు సూసినావా?" "నేదు, ఇన్నాను." "అయితే పద, సూద్దాం." అలా ఊరు ఊరంతా కదిలింది. ఏరు దాటి అవతలి వాళ్ళూ వచ్చారు, చూసిపోదామని. ఇవతలి వాళ్ళూ అవతలి వాళ్ళూ ఒకరి పక్కన ఒకరు నిలబడి ఆయన మొహం చూశారు. చూసినవాళ్ళంతా ఏడ్చారు.

ఇప్పటికీ మా సంతలో ఎవరైనా కబురు తెస్తే, "ట ఉందా, నేదా?" అని అడుగుతారు. ఆనాడు చూసి ఏడ్చినవాళ్ళు ఇప్పుడొక్కరూ మిగల్లేదు. అందుకని గట్టువలసలో ఎవరూ తవిటయ్య పోయాడు అనరు. పోయాడట అంటారు.