రిజిస్ట్రారుగారి సగం నియమం

కొండవాక రాజా నీలాద్రి భూపతిగారికి శాలువలు కప్పే సరదా. కవులకు కప్పారు, వస్తాదులకు కప్పారు, తన జలుబు దానంతట అదే తగ్గితే వైద్యుడికి కూడా కప్పారు. ఇక కప్పడానికి మనుషులు దొరక్క ఒకనాడు కొత్త ఆలోచన చేశారు.

"మన క్రైస్తవ విశ్వవిద్యాలయంలో బోలెడు నియమాలున్నాయట కదా! అన్నిట్లోకీ గొప్ప నియమం రాసినవాడికి స్నాతకోత్సవం నాడు కాశ్మీరు శాలువ."

నియమాలన్నీ రాసింది ఒక్కరే, రిజిస్ట్రారు జెకర్యాగారు. కాబట్టి పోటీ పెద్దగా జరగలేదు.

అక్కడ లెక్కల పట్టా కావాలంటే ముప్పై ఆరు పేపర్లు పాసవ్వాలి. ఒక సిద్ధాంతాన్ని సొంతంగా నిరూపించి రాయాలి. రెండేళ్లు దైవశాస్త్రం చదవాలి. ఒక టర్మంతా గాయక బృందంలో పాడాలి. గొంతు లేనివాళ్లు పెదవులు కదిపినా చాలు. ఇవన్నీ ఒక ఎత్తు, మూడేళ్లూ రోజూ పొద్దున్నే చాపెల్లో హాజరు పడటం ఒక ఎత్తు. ప్రార్థన తప్పినవాళ్ల కోసం బుధవారం మధ్యాహ్నం ప్రత్యేక ప్రార్థన ఉంటుంది. దానికి వచ్చిన ప్రతిసారీ, మిగిలిన లోటులో సగం కొట్టేస్తారు. లోటు పూర్తిగా తీరితేనే పట్టా.

ఈ సగం నియమమంటే జెకర్యాగారికి ప్రాణం. శాలువకు పంపిందీ దాన్నే.

"పదహారు తప్పితే మొదటిరోజే ఎనిమిది కొట్టేస్తున్నాను! ఇంత దయ ఇంకే కాలేజీలో ఉంది?" అని కనబడ్డవాడినల్లా అడిగేవారు. రిజిస్ట్రారు కాబట్టి ఎవరూ జవాబు చెప్పేవారు కాదు.

దివాణంలో శాలువల పెట్టె చూసేది సన్యాసయ్య. స్నాతకోత్సవం శుక్రవారమనగా బుధవారం నాడు, వేదిక కొలుద్దామని మెళ్లో టేపు వేసుకుని విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. చాపెల్లో పాస్టరుగారు ప్రసంగిస్తున్నారు. వినేది ఒకే ఒక్క అమ్మాయి. సన్యాసయ్యకు జాలేసింది, ఇద్దరిలో ఎవరి మీదో మాత్రం వెంటనే తేలలేదు.

ప్రార్థన అయ్యాక అడిగాడు. "ఏటమ్మా, తమరొక్కరే ఉన్నారేటి?"

"టైఫాయిడ్ వచ్చి పదహారు ప్రార్థనలు తప్పాయండీ. ఇది ఇరవై రెండో బుధవారం," అంది ఆ అమ్మాయి. పేరు కెజియ. లెక్కల్లో ఆ ఏడు ఆమెదే మొదటి ర్యాంకు.

"మరి లోటు తీరిపోయుండాలే!"

"లేదండీ. ఇంకా ఒక ప్రార్థనలో రెండు లక్షల అరవై రెండు వేల నూట నలభై నాలుగో వంతు మిగిలింది. సగంలో సగం తీసేస్తూ పోతే ఎన్నేళ్లకీ సున్నా కాదు. ఆ మాటే రిజిస్ట్రారుగారికి రాసిస్తే, ఓపిక మంచి గుణం అని తిరిగి రాశారు."

నవ్వబోయి కళ్లు తుడుచుకుంది. "మా ఊరి ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచరు ఉద్యోగం నాకోసం ఆపి ఉంచారండీ. శుక్రవారం పట్టా రాకపోతే సోమవారం వేరేవాళ్లకి ఇచ్చేస్తారు."

సన్యాసయ్యకు లెక్కలు రావు. కానీ గుడ్డను సగానికి సగం కత్తిరిస్తూ పోతే ఎంతకీ పీలిక మిగులుతుందని తెలుసు. అతనికి ఒళ్లు మండింది. మండినా మొహంలో కనబడనివ్వలేదు, దివాణం ఉద్యోగి కదా.

శుక్రవారం రానే వచ్చింది. వేదిక మీద పీట, పీట మీద శాలువ, పీట ముందు సుద్దగీత. రాజావారు జెకర్యాగారిని పిలవగానే సన్యాసయ్య చేతులు కట్టుకున్నాడు.

"మహాప్రభో, ఇంత గొప్ప నియమాన్ని ఉత్తినే సత్కరిస్తే ఏం బావుంటుందండీ? రిజిస్ట్రారుగారు ఆ నియమం ప్రకారమే నడిచొచ్చి శాలువ అందుకోవాలి. అడుగు వేసినప్పుడల్లా మిగిలిన దూరంలో సగం. గీత చేరాక శాలువ."

"భేష్! అలాగే కానీ," అన్నారు రాజావారు.

జెకర్యాగారు కూడా మురిసిపోయారు. గీతకు సరిగ్గా పదహారు అడుగుల దూరంలో నిలబెట్టి సన్యాసయ్య టేపు పట్టాడు. మొదటి దూకులో స్నాతకోత్సవపు గౌను కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని ఎనిమిది అడుగులు దాటేశారు. సభ చప్పట్లు కొట్టింది. తరవాత నాలుగు. తరవాత రెండు. తరవాత ఒకటి. ఆ పైన అంగుళాల్లోకి దిగారు.

పదకొండోసారికి బూటు మొనకీ గీతకీ మధ్య బియ్యపు గింజ మందం మిగిలింది. జెకర్యాగారికి చెమటలు పోస్తున్నాయి. రాజావారికి ఆకలేస్తోంది.

"ఇక శాలువ ఇవ్వవయ్యా!" అన్నారు జెకర్యాగారు.

"ఇంకా ఉందండీ," అన్నాడు సన్యాసయ్య, టేపు మీద నుంచి కళ్లెత్తకుండా. "ఇందులో సగం వెయ్యండి."

"ఇందులో సగమేమిటి నీ మొహం! సాయంత్రం దాకా వేసినా ఇది తెమిలేది కాదు!"

"ఓపిక పట్టాలండీ."

"ఇంత దగ్గరికొచ్చాక వచ్చినట్టే లెక్క! ఏ మూర్ఖుడైనా ఒప్పుకుంటాడు!"

సన్యాసయ్య టేపు చుట్టేశాడు.

"అయితే ఆ రెండో వరసలో కూర్చున్న కెజియమ్మగారు తమరికన్నా ముందే వచ్చేశారండీ."

సంగతేమిటన్నారు రాజావారు. సన్యాసయ్య చెప్పాడు. పదహారు ప్రార్థనలు, ఇరవై రెండు బుధవారాలు, మిగిలిన ఆ వంతు, అన్నీ వరసగా చెప్పాడు. లెక్కల ప్రొఫెసరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. పాస్టరుగారు అడ్డం పెట్టుకోవడం మరిచిపోయి పైకే నవ్వేశారు.

"ఏమయ్యా, వచ్చినట్టా, రానట్టా?" అని రాజావారు జెకర్యాగారిని అడిగారు. "నువ్వు వచ్చినట్టయితే ఆ అమ్మాయీ వచ్చినట్టే. రానట్టయితే శాలువ పెట్టెలోకి పోతుంది."

జెకర్యాగారు శాలువ వంక చూశారు. కాశ్మీరుది, ముట్టుకుంటే వెన్నలా ఉండే రకం.

"ఇద్దరం వచ్చినట్టేనండీ," అన్నారు.

సభ గొల్లుమంది. రాజావారు పొట్ట పట్టుకుని నవ్వుతూ మెళ్లోని ముత్యాల దండ తీసి సన్యాసయ్య మెళ్లో వేశారు. ఈలోపు కెజియ మూడంగల్లో వేదికెక్కి పట్టా అందుకుంది.