వేడెక్కాక పలికిన మైకు

అనగనగా ఒక ఊళ్ళో, ఒకే సందులో, ఎదురెదురుగా రెండు మూసిన తలుపులు. ఊఁ కొట్టు. కొట్టకపోతే చెప్పను.

ఒక తలుపు వెనక అచ్చియ్యమ్మ. రెండో తలుపు వెనక ఆమె తమ్ముడు పైడయ్య. వాడు పెళ్ళిళ్ళకి మైకుసెట్లు పెట్టేవాడు. ఆమె పెళ్ళిపాటలు పాడేది.

ఒక పెళ్ళిలో వాడు చవక మైకు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆమె గొంతు రేకుడబ్బాలో గులకరాళ్ళు పోసినట్టు వచ్చింది. జనం నవ్వారు. అప్పుడు పైడయ్య, "మైకేం చేస్తుంది, మా అక్క గొంతే అంత" అన్నాడు. తప్పు మైకుదని వాడికి తెలుసు. తెలిసే అన్నాడు.

ఆ తర్వాత అచ్చియ్యమ్మ పాడలేదు. వాడితో మాట్లాడలేదు. పన్నెండేళ్ళు! నేనైనా అంతే చేసేదాన్ని.

పైడయ్య ఒక్కడే వండుకునేవాడు, ఒక్కడే తినేవాడు. అక్క గొంతు మళ్ళీ వినకుండానే పోతానేమోనని బెంగ పట్టుకుంది. అప్పుడు ఆ చవక మైకునే విప్పాడు. మాట పట్టే పల్చటి పొర బాగానే ఉంది. దాన్ని ఉంచి, వెనకున్న చిన్న ట్రాన్సిస్టరు పీకేసి, అమ్మ పాత రేడియోలోని, బల్బులాంటి గాజు వాల్వు పెట్టి టంకం వేశాడు.

మొదటిసారి కరెంటు చాలక పలకలేదు. పెద్ద కరెంటు పెట్టె తగిలిస్తే, రెండోసారి తుమ్మెదలా గుయ్యిమంది. అప్పుడు ఆ పెట్టెని మైకుకి దూరంగా జరిపాడు. మూడోసారి ఆ రొద ఆగింది.

ఆ తర్వాత పట్టపగలే సందుకి అడ్డంగా వైరు లాగాడు. మైకూ స్పీకరూ తెచ్చి అక్క అరుగు మీద, కిటికీ పక్కన పెట్టాడు. స్విచ్చి వేసీ వెయ్యగానే తలుపు కొట్టాడు. అచ్చియ్యమ్మ తలుపు తీసింది.

"అక్కా, ఒక్క మాట అను దీంట్లో."

"రేకుడబ్బా గొంతుకి మళ్ళీ మైకొకటా?"

స్పీకరు ఉలకలేదు, పలకలేదు.

"చూశావా! దీనిక్కూడా నేను పనికిరాలేదు" అని తలుపు వేసేసింది.

తొందర మనిషి పైడయ్య! వాల్వు వేడెక్కొద్దూ? వాళ్ళమ్మ రేడియో పెట్టి, బియ్యం కడిగి ఎసట్లో పోసి వస్తే గాని అది మాట్లాడేది కాదు. అది మరిచిపోయి అరుగు మీద కూలబడ్డాడు.

లోపల అచ్చియ్యమ్మ కిటికీ దగ్గర బియ్యం చెరుగుతూ గొణుక్కుంది. అప్పటికి వాల్వు ఎర్రగా కాగింది. ఆ గొణుగుడు సందంతా వినబడింది.

"ఎముకలు లెక్కపెట్టొచ్చు మొండి వెధవకి. ఏం తింటున్నాడో ఏమో!"

గొంతు వెచ్చగా, నిండుగా, అచ్చం చనిపోయిన అమ్మ గొంతులా ఉంది. అచ్చియ్యమ్మ చేట వదిలేసి గుమ్మం దగ్గరికి వచ్చింది.

"ఎవర్రా ఆ మాట్లాడింది?"

"నువ్వే అక్కా. ఆనాడు తప్పు మైకుదే. తెలిసే నీ మీదకి నెట్టాను."

ఆమె లోపలికి వెళ్ళింది. కంచంలో అన్నం పెట్టి తెచ్చి అరుగు మీద ఉంచింది. మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

పాడిందా అంటావా? పాడలేదు. పన్నెండేళ్ళ మాట ఒక్క పూటలో పోతుందా? కానీ వాడు తిన్నంతసేపూ తలుపు మాత్రం వెయ్యలేదు.

కథ కంచి దారి పట్టింది,
కంచం అరుగున పెట్టింది,
తలుపు సగమే తెరిచింది,
మనింటికి కునుకు వచ్చింది.