నింపాదయ్య తల ఎటు?

బోడికుంటలో ఎండాకాలం ఎంత ముదిరిందో తెలియాలంటే కొంగ కాళ్ళు చూస్తే చాలు. మాఘమాసంలో ధర్మయ్య కొంగ కుంట నడుమ నిలబడితే పొట్ట తడిసేది. ఫాల్గుణానికి తొడలు. చైత్రం దాటిన ఈ రోజుల్లో మోకాళ్ళు కూడా సరిగ్గా మునగడం లేదు. అడవి మొత్తానికి అదొక్కటే కుంట. దానికో పాత కట్ట, కట్ట అడుగున నలుచదరంగా చెక్కిన తూము, తూముకు అడ్డంగా ఒక బండరాయి. ఎప్పుడో ఆ చుట్టుపక్కల మనుషులున్న కాలంలో కట్టుకున్నారట. మనుషులు వెళ్ళిపోయారు, తూము మిగిలింది, దానితో పాటు తగువూ మిగిలింది.

కుంటకొక సభ ఉంది. సభ ఉన్నాక పక్షాలు లేకుండా ఎలా ఉంటాయి? ఒడ్డున బతికే నక్కలు, కొంగలు, అడవిపందులు గట్టు పక్షం. నీళ్ళలో బతికే చేపలు మడుగు పక్షం. గట్టు పక్షానికి పెద్ద దొరసామి నక్క. అతని మాట తేనె, చూపు మాత్రం ఎప్పుడూ ఎదుటివాడి మెడ మీదే. ఈ రెంటికీ మధ్యన, గట్టూ కాకుండా మడుగూ కాకుండా, కప్పలూ పీతలూ చేపపిల్లలూ కాపురముండే అంచు ఒకటుంది. దాన్ని బురదవాడ అంటారు. ఆ వాడ తరఫున సభలో కూర్చునేవాడు నింపాదయ్య తాబేలు. మన కథంతా ఇతని తల గురించే.

నింపాదయ్య గట్టు పక్షంలో ఎందుకున్నాడో చెప్పాలి. నాలుగేళ్ళ కిందట ఒక ఎండాకాలం కట్ట మీంచి జారి వెల్లకిలా పడ్డాడు. మూడు రోజులు ఆకాశం చూస్తూ కాళ్ళాడించాడు. దారినపోయేవాళ్ళు పోతూనే ఉన్నారు. మూడోనాడు దొరసామి వచ్చి మూతితో ఒక్క తోపు తోసి నిలబెట్టాడు. ఎందుకు నిలబెట్టాడో దొరసామికే తెలియాలి, ఓటు కోసమని కొందరన్నారు. ఏదైతేనేం, ప్రాణం నిలిచింది. ఆ రోజునుంచి నింపాదయ్య గట్టు పక్షం. బురదవాడవాళ్ళు కూడా అడ్డు చెప్పలేదు. నక్కల మధ్య మనవాడొకడుంటే మంచిదే అనుకున్నారు. మంచే జరిగింది. తోకకప్పలు ఈదే రెండు నెలలూ నక్కలు బురదవాడ వైపు రాకూడదని కట్టుబాటు తెచ్చింది నింపాదయ్యే.

సభలో ఓటు వేసే పద్ధతి తేలిక. అవునన్నవాడు తల ఎత్తాలి, కాదన్నవాడు తల దించాలి. ధర్మయ్య ఒంటికాలి మీద నిలబడి తలలు లెక్కపెట్టి బురదలో ముక్కుతో రాసుకుంటాడు. నింపాదయ్యకు ఈ పద్ధతి బాగా కలిసొచ్చింది. పక్షం ఒకటంటే వాడ ఇంకొకటన్నప్పుడల్లా తల చిప్పలోకి లాక్కునేవాడు. ఎత్తినట్టూ కాదు, దించినట్టూ కాదు. ఇద్దరూ కొంచెం కొంచెం విసుక్కుని వదిలేసేవారు. ఇలా నాలుగేళ్ళు గడిచిపోయాయి.

ఈ ఏడు మాత్రం గడవలేదు. దొరసామి ఒక తీర్మానం తెచ్చాడు. కట్ట దిగువన వాగు ఎండిపోయింది, జింకలు దాహంతో చస్తున్నాయి, తూము రాయి తీసేద్దాం అన్నాడు. తీసిన రాయి వాన పడేదాకా ఎవరూ మళ్ళీ పెట్టకూడదని కూడా చేర్చాడు. మడుగు పక్షం పెద్ద ముసలి కొర్రమీను ఒక్క చుక్క కూడా వదలబోమని తోక కొట్టి చెప్పింది. గట్టు పక్షానికి నింపాదయ్యతో కలిపి పన్నెండు తలలు, మడుగు పక్షానికి పదకొండు. నింపాదయ్య తల ఎత్తితే రాయి లేస్తుంది. దించితే లేవదు. చిప్పలోకి లాక్కుంటే పదకొండుకు పదకొండు, తీర్మానం వచ్చే పున్నమికి వాయిదా. ఓటు ఐదు రోజుల్లో.

మొట్టమొదట బోదురమ్మ వచ్చింది. బురదవాడలో పెద్ద కప్ప, గొంతు కూడా పెద్దదే. రాయి తీసిన పూటకల్లా కుంట ఎండిపోతుందనీ, గుడ్లన్నీ ఒడ్డునే ఎండి అట్టలు కడతాయనీ ఏకరువు పెట్టింది. చివరికి మాత్రం గొంతు తగ్గించి, "నాయనా, వాయిదాతో ఈ గండం పోదు. ఈసారి నువ్వు లోపలికి దూరితే మేము దూరడానికి చోటు లేదు" అంది.

నింపాదయ్య నీళ్ళు నమిలాడు. అతనికి ఒక అలవాటుంది. ఎవరు ఏది చెప్పినా స్వయంగా వెళ్ళి చూసిరావాలి. పక్షంలో అందరికీ ఈ అలవాటంటే చిరాకు. జింకల సంగతి నిజమో కాదో చూద్దామని కట్ట దిగాడు. కట్ట దిగడానికి అతనికి ఒక పగలంతా పట్టింది.

నిజమే. వాగులో చెమ్మ లేదు. నక్కలుండే గట్టెక్కి కుంటలో తాగాలంటే జింకలకు భయం. చుక్కమ్మ అనే జింక రాళ్ళు నాకుతోంది. పక్కన దాని పిల్ల నిలబడలేక కూలబడి ఉంది. పాలు ఎండిపోయాయన్నా, రెండు రోజులైంది, అంది చుక్కమ్మ. ఏడవడానికి కూడా దానికి ఓపిక లేదు. దొరసామి చెప్పింది అబద్ధమైతే బాగుండునని ఆశపడి వచ్చాడు నింపాదయ్య. వాయిదా వేస్తే ఈ పిల్ల పున్నమి చూడదు.

తిరిగి వస్తుంటే కుంట అంచున ఒక వింత కనిపించింది. బురదలో పుల్లలు గుచ్చి ఉన్నాయి. ఒకటి, దానికి రెండు అడుగుల దూరంలో ఇంకొకటి, అలా కుంట చుట్టూరా. ఏమిటివని ధర్మయ్యని అడిగాడు. ధర్మయ్య ముందు మెడ అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. కొంగ అయినా కొంచెం సిగ్గున్నవాడు కనుక చివరికి చెప్పేశాడు. నీళ్ళు పోయాక చేపలూ కప్పలూ బురదలో కొట్టుకుంటాయి కదా, అప్పుడు ఏరుకు తినడానికి తొక్కిసలాట లేకుండా గట్టు పక్షంవాళ్ళు ఎవరి చోటు వాళ్ళు ముందే గుర్తు పెట్టుకున్నారట. పెద్ద పుల్ల దొరసామిది.

అంటే జింకల దాహం నిజం, దొరసామి ఆకలీ నిజం. చిత్రమేమిటంటే ఒకే రాయి కింద రెండూ ఉన్నాయి. నింపాదయ్యకు కోపం వచ్చింది, ఆ వెంటనే వెల్లకిలా పడి ఉన్న ఆ మూడు రోజులూ గుర్తొచ్చాయి. కోపం సగంలో ఆగిపోయింది.

దొరసామి దగ్గరికే వెళ్ళి అడిగాడు. రాయి సగమే జరుపుదాం, జింకలకు తాగడానికి సరిపోతుంది, కుంటా మిగులుతుంది అన్నాడు. దొరసామి నవ్వాడు.

"సగం పక్షం ఉంటుందా నింపాదయ్యా? ఉంటే అందరం ఉంటాం. లేదా నీ దారి నీది. ఈసారి కాళ్ళు పైకి లేస్తే మాత్రం నన్ను పిలవకు."

కొర్రమీనునీ అడిగి చూశాడు. సగం చుక్క కూడా ఇవ్వనంది. గట్టువాళ్ళ వేగువాడివి, మాతో మాట్లాడకు అని మొహం తిప్పుకుంది. రెండు వైపులా తిట్లు తిని నింపాదయ్య మళ్ళీ కట్ట దిగి, తూము బయటి మూతి దగ్గర నిలబడ్డాడు. తూము వైపు వీపు పెట్టి ఒకసారి తిరిగాడు, పక్కకి జరిగి ఇంకొకసారి తిరిగాడు. మేస్తున్న అడవిపంది చూసి, పాపం, బెంగతో మతి చలించిందనుకుంది.

ఓటు రోజు వచ్చింది. గట్టంతా నిండిపోయింది. దిగువ నుంచి జింకలు కూడా వచ్చి దూరంగా నిలబడ్డాయి. బురదవాడ మొత్తం నీటి అంచున కళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంది. దొరసామి దాహం గురించి మాట్లాడుతుంటే కొన్ని కొంగలు కళ్ళు తుడుచుకున్నాయి. మాట్లాడటం అయ్యాక నింపాదయ్య రెండు సందేహాలున్నాయన్నాడు. సభలో ఎవరో విసుగ్గా గొణిగారు. ఇతనికి సందేహాలు లేనిదెప్పుడు?

"వాన పడేదాకా సభ్యులు ముట్టకూడనిది ఆ రాయి ఒక్కటేనా, ఇంకేమైనా ఉందా అన్నా?"

"రాయి ఒక్కటే. ఇంకేముంది ముట్టడానికి?"

"మరి అప్పటిదాకా సభ్యులు కుంటలో ఎక్కడ కూర్చోవాలి?"

దొరసామికి ఓపిక అయిపోయింది. ఎండ మండుతోంది, ఆకలి వేస్తోంది, ఇతనికి కూర్చోవడం గురించి దిగులు. "నీకు నచ్చిన చోట కూర్చో నింపాదయ్యా. నిన్ను లేవమనేవాడు ఈ సభలో లేడు. ధర్మయ్యా, అదీ రాసెయ్, ఆయన మనసు కుదుటపడుతుంది."

ధర్మయ్య రాశాడు. ఆ తరువాత తలలు లెక్కపెట్టడం మొదలైంది. పదకొండు ఎత్తాయి, పదకొండు దించుకున్నాయి. అందరి కళ్ళూ చిప్ప మీద పడ్డాయి. చిప్పలోంచి తల నెమ్మదిగా బయటికొచ్చింది, కొంచెం ఆగింది, ఆ తరువాత పైకి లేచింది.

బురదవాడలో ఎవరూ అరవలేదు. బోదురమ్మ ఒక్కతే, "నీకు మేమేం తక్కువ చేశాం నాయనా" అని అడిగింది. అంతకన్నా తిట్టి ఉంటే బాగుండునని నింపాదయ్యకు అనిపించింది. నోరు విప్పి చెబుదామనుకున్నాడు, చెబితే దొరసామి వింటాడు. ఊరుకున్నాడు. నాలుగేళ్ళలో అతను చేసిన అతి కష్టమైన పని అదే.

అడవిపందులు రెండు రాయికి మూతి ఆనించి తోశాయి. రాయి దొర్లింది. నీళ్ళు హోరుమని తూములో పడ్డాయి. చేపపిల్లలు అటు కొట్టుకుపోతున్నాయి, కప్పలు గడ్డి పట్టుకుని వేలాడుతున్నాయి, నక్కలు పుల్లల దగ్గరికి నడవడం మొదలుపెట్టాయి. నింపాదయ్య గట్టు మీంచి నీళ్ళలోకి జారాడు. తన నడకతో వెళితే తూము చేరేసరికి సాయంత్రమయ్యేది. ఆ పని ప్రవాహమే చేసింది. ఒక్క ఊపున తీసుకెళ్ళి తూము మూతికి అతని చిప్పని టప్పున కొట్టింది.

హోరు ఆగిపోయింది.

తూము నలుచదరం, చిప్ప గుండ్రం. మధ్యంతా మూసుకుపోయింది, నాలుగు మూలల్లో మాత్రం నాలుగు సన్నటి ధారలు మిగిలాయి. వాగులోకి చేరిన ఆ నీటిలో చుక్కమ్మ పిల్ల మూతి పెట్టింది. కుంటలో నీళ్ళు ధర్మయ్య మోకాళ్ళ కింద ఒక బెత్తెడు తగ్గి దాదాపు అక్కడే నిలబడ్డాయి. నింపాదయ్య మెడ సాచి, ఊపిరి కోసం ముక్కు నీటి పైన పెట్టుకుని కూర్చున్నాడు. చిప్ప వెనక అంచు తూము గోడకి ఒరుసుకుని మండుతోంది. కొట్టుకొచ్చిన కర్రముక్క ఒకటి ముందు కాలి మీద చీరింది.

దొరసామి పరుగెత్తుకొచ్చాడు. పక్షద్రోహం కింద నేరం రాయమని ధర్మయ్యకు చెప్పాడు. ధర్మయ్య తన రాతలన్నీ ఒకసారి చదివి, ఏమని రాయను అని అడిగాడు. తల ఎత్తమన్నారు, ఎత్తాడు. రాయి ముట్టొద్దన్నారు, ముట్టలేదు. నచ్చిన చోట కూర్చోమన్నారు, కూర్చున్నాడు. లేవమనేవాడు సభలో లేడని పెద్దలు చెప్పిన మాట కూడా ఇక్కడుంది.

దొరసామి తూము వైపు తిరిగాడు. కోపం కన్నా అతనికి ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది.

"నిన్ను నిలబెట్టింది నేను కదా నింపాదయ్యా. అది కూడా మరిచిపోయావా?"

"మరిచిపోలేదన్నా. అందుకే తల మీ వైపు ఎత్తాను. మిగిలిన ఒంటిని సభకు పంపింది బురదవాడవాళ్ళు, వాళ్ళకిచ్చాను."

దొరసామి వాన ఎప్పుడొస్తుందో తెలుసా అని మాత్రం అడిగాడు. తెలియదన్నాడు నింపాదయ్య.

నలభై రెండు రోజులకు వచ్చింది. ఆ నలభై రెండు రోజులూ జింకలు నీళ్ళు చాలడం లేదన్నాయి, కప్పలు ఇంకా కారుతున్నాయన్నాయి. కొర్రమీను ఇదంతా గట్టువాళ్ళ నాటకమని చెప్పుకు తిరిగింది. బోదురమ్మ ఏ రోజూ తప్పయిందని అనలేదు. కానీ రోజూ మధ్యాహ్నం ఒక నత్తను తోసుకుంటూ తెచ్చి నింపాదయ్య మూతి దగ్గర పెట్టి, నాలుగు మూలలూ పరీక్షగా చూసి, కారుతోందని సణిగి వెళ్ళేది. కొంగలు ఒక్కొక్కటే పుల్లలు పీక్కున్నాయి. ఆఖరి పుల్ల పెద్దది. దాన్ని దొరసామి తనే పీకి, ఎలకల కోసం గుట్టల వైపు నడుచుకుంటూ పోయాడు.

నీతి: ఇద్దరికీ కావలసినవాణ్ణి అనిపించుకోవాలంటే, ఆ ఇద్దరి మధ్యా ఒరుసుకునే చోటే కూర్చోవాలి.