పైడమ్మ గాడిద తప్పుకోలేదు

అనగనగా, సైకిళ్ళు అప్పుడప్పుడే ఊళ్ళలోకి దిగుతున్న రోజుల్లో, వాగుని గెడ్డ అనే సీమలో, ఒక గెడ్డ ఒడ్డున ఒక ఊరు. ఎన్నాళ్ళ కిందటి మాటని నన్నడక్కండి. నాకు చెప్పినవాళ్ళకే తెలీదు. ఆ ఊళ్ళో పైడమ్మ అని ఒక చాకలి ముసలమ్మ ఉండేది. ఆమెకున్నది ఒక గాడిద, ఒక మనవడు.

ఊరు మెట్ట మీద, గెడ్డ పల్లంలో. మధ్యలో నిలువు వాలు దారి. అడుగుకి వచ్చాక ఆ దారి గెడ్డ అంచునే మలుపు తిరిగేది. పిల్లలకి తొక్కడం వచ్చు. ఆపడం ఎవరూ నేర్పలేదు. గంట కొడితే లోకమంతా తప్పుకుంటుందని వాళ్ళ నమ్మకం. కోడి తప్పుకునేది, కుక్క తప్పుకునేది, మనిషీ తప్పుకునేవాడు.

ఒకరోజు పైడమ్మ మనవడు ఆ వాలులో దిగాడు. గంట కొట్టాడు, కొట్టాడు, కొట్టాడు. గెడ్డ తప్పుకోలేదు.

పాపం, పైడమ్మ గుండె పగిలేలా ఏడ్చింది. దినాలు అయిన మర్నాడే గాడిదని తోలుకెళ్ళి, మలుపుకి కాస్త ఇవతల, దారికి అడ్డంగా నిలబెట్టింది.

"సైకిల్ నేర్సుకునీవోలు దీని మీదికి రండర్రా!" అని పిల్లల్ని కేకేసింది.

ఊరు తెల్లబోయింది. దుఃఖంతో మతి పోయిందన్నారు కొందరు. తొక్కడం రాని మనిషి నేర్పడమేమిటన్నారు ఇంకొందరు. పిల్లలు మాత్రం దిగారు. గంట కొట్టారు. గాడిద చెవైనా కదపలేదు. ఇక చేసేది లేక బ్రేకు పట్టారు. ఆపలేనివాడు దాని పొట్టకి గుద్దుకుని దుమ్ములో పడ్డాడు. పైడమ్మ లేవదీసి, ఒళ్ళు దులిపి, మళ్ళీ పైకి పంపింది. ఆగినవాళ్ళని కాలు నేల మీద పెట్టి, అటూ ఇటూ చూసి, నడిపించుకుంటూ మలుపు దాటమంది. ఇన్ని గుద్దులు తిని ఆ గాడిద ఒక్కరినైనా ఎందుకు తన్నలేదో, నాకిప్పటికీ అంతుబట్టదు.

బడి మాస్టారు వచ్చాడు. "ఇదేం చదువు పైడమ్మా? దాన్ని అడ్డం తియ్యి" అన్నాడు.

"గంట కొట్టండి బాబూ. అది తప్పుకుంటే నానూ తప్పుకుంటాను."

మాస్టారు ఒక పిల్లాడి సైకిల్ గంట కొట్టాడు. గాడిద తప్పుకోలేదు. ఆయన బుర్ర గోక్కుంటూ వెళ్ళిపోయాడు.

షావుకారు వచ్చాడు. తన బండికి దారి లేదని రంకెలేశాడు.

"గంట కొట్టండి బాబూ. అది తప్పుకుంటే నానూ తప్పుకుంటాను."

షావుకారూ కొట్టాడు. గాడిద తప్పుకోలేదు.

ఊరిపెద్ద నాయుడొచ్చాడు. ఆయనకి అంత ఓపిక లేదు. గాడిదని ఈడ్పించి, పంట మేసిన పశువుల్ని కట్టేసే బందెలదొడ్డిలో పెట్టించాడు.

"అది ఎవుల సేను మేసిందని, నాయుడుబాబూ?" అంది పైడమ్మ.

ఆ రాత్రి పెద్ద వాన. గెడ్డ పొంగి, మలుపు దగ్గర దారిని కోసుకుపోయింది. తెల్లారి నాయుడు చూద్దామని వచ్చి గండి పక్కన నిలబడ్డాడు. తలెత్తితే, తన కూతురు గౌరేశు సైకిల్ మీద వాలులో దిగుతోంది! ఆగమని అరిచాడు. గంట మోతలో ఆ పిల్లకి వినపడలేదు.

సరిగ్గా గాడిద నిలబడేచోట గౌరేశు బ్రేకు పట్టింది. ఆగింది. కాలు నేల మీద పెట్టింది. ఎదురుగా గండి నోరు తెరుచుకుని ఉంది.

"గాడిద లేదు కదే తల్లీ, ఎందుకాగావు?" అన్నాడు నాయుడు.

"ఏమో అయ్యా. అదున్నట్టే అనిపించింది."

నాయుడు బురదలోనే కూలబడి ఏడ్చాడు. తర్వాత తనే బందెలదొడ్డికి వెళ్ళి, ఊరంతా చూస్తుండగా, గాడిదని తాడు పట్టి తెచ్చి పైడమ్మకి అప్పగించాడు.

కొన్నాళ్ళకి పైడమ్మ పోయింది. గాడిద దానంతటదే వచ్చి ఆ మలుపు ఇవతల నిలబడేది. తర్వాత అదీ పోయింది. ఊరివాళ్ళు అక్కడొక రాయి పాతారు. అది పైడమ్మదా, గాడిదదా అని నేటికీ తగువే. కొందరు కుంకుమ పెడతారు, కొందరు పచ్చగడ్డి పెడతారు, తేల్చుకోలేనివాళ్ళు రెండూ పెడతారు.

ఇక ఆ ఊళ్ళో ఈనాటికీ గంట కొట్టినవాళ్ళే ముందు ఆగుతారు. పొరుగూరివాళ్ళు గంట విని పక్కకి గెంతుతారు. తిరిగి చూస్తే, సైకిల్ మీది పిల్ల కాలు నేల మీద పెట్టి నిలబడి ఉంటుంది. దారంతా ఖాళీ. ఎందుకాగావంటే ఆ పిల్లకీ సరిగ్గా తెలీదు.

"పైడమ్మ గాడిద ఉంది కదా" అంటుంది.