వారాలు చెప్పిన గొంగళిపురుగు

అనగనగా వానలు ముఖం చాటేసిన ఒకానొక ఏట, ఒక పెరడు. ఆ పెరట్లో పచ్చగా మిగిలింది ఒకే ఒక్క మునగచెట్టు.

ఆ చెట్టు రావులమ్మది, ఆమె మొగుడు గవరయ్యది. ఆ ఏడు ఇంట్లో మనవలకు దొరికే కూరంటే ఆ చెట్టు ఆకే.

ఒకనాడు కొమ్మల పంగలో తెల్లటి గూడు కనిపించింది. నిండా గొంగళిపురుగులు!

"గూడు దించెయ్యవయ్యా," అంది రావులమ్మ. గవరయ్య దోటి తీసుకెళ్ళాడు.

గూట్లోంచి ముసలి గొంగళి తల బయటపెట్టింది. "మామా! శుక్రవారం పూట ఇల్లు కూలుస్తావా? లక్ష్మి అలిగిపోదూ?"

గవరయ్య నాలుక కరుచుకుని తిరిగొచ్చాడు.

"ఏం, దోటి బరువైందా?" అంది రావులమ్మ.

మళ్ళీ వెళ్ళేసరికి గూళ్ళు నాలుగయ్యాయి. "మామా! అమావాస్య నాడు పని మొదలెడతావా? నీ మేలు కోరే చెబుతున్నా," అంది గొంగళి.

"పాపం, పురుగైనా ఎంత ఆచారం!" అన్నాడు గవరయ్య ఇంటికొచ్చి.

"అవునవును. పుణ్యం నీకు, ఆకు దానికి!"

మూడోసారి గొంగళి నోరు విప్పే పనే లేకపోయింది. గవరయ్యే తుమ్మాడు, తనే వెనుదిరిగాడు.

ఆ పూట కూరకుండలో ఉత్త ఈనెలే ఉడికాయి. "నాయనమ్మా, ఆకేదీ?" అంది మనవరాలు.

రావులమ్మ లేచింది. కొంగు బిగించింది. చేతులకు పాతగుడ్డలు చుట్టుకుంది. పెరట్లో మంట రాజేసి దోటి అందుకుంది.

"అత్తా! అత్తా! ఇది మూఢం! మంచిరోజు చూసుకుని..." అని అరిచింది గొంగళి.

"ఓరి నా పంచాంగమా! నా చెట్టెక్కిన నాడు నువ్వు ఏ మంచిరోజు చూసుకున్నావు?"

గొంగళి తల గూట్లోకి లాక్కుంది. రావులమ్మ గూటిని దోటికి చుట్టి లాగింది, మంటలో వేసింది. తరువాతి గూడు, ఆ తరువాతిది. పురుగుల నూగు గుచ్చుకుని మెడంతా దద్దుర్లు తేలాయి. ఆమె ఆగలేదు. గవరయ్య సిగ్గుపడి వచ్చి చితుకులు అందించాడు.

"ఇప్పుడు తుమ్ము రాలేదేం?" అంది రావులమ్మ, దోటి దించకుండానే.

పొద్దు వాలేసరికి చెట్టు మీద ఒక్క గూడు లేదు. కొన్నాళ్ళకు మోడు కొమ్మలు చిగిర్చాయి. మొదటి గుప్పెడు లేతాకు మనవల కంచాల్లోకే వెళ్ళింది.

చేటు ముహూర్తం చూసుకుని రాదు. దాన్ని దులపడానికీ ముహూర్తం అక్కర్లేదు.