వర్ధనమ్మగారి పెరట్లో మందారం

మా గురువుగారు విరూపాక్షంగారికి ఒక అలవాటుండేది. ప్రశ్న అడిగినవాడికి జవాబు చెప్పకుండా వాడి చేతికి ఏదో ఒక పని అప్పగించేవారు. ఆ సంగతి తెలిసినవాళ్ళం కాబట్టి మేమంతా ఆచితూచి అడిగేవాళ్ళం. కోరి కోరి పలుగు చేతికి తెచ్చుకోవడం ఎందుకని! ఆ రోజు కామేశానికి మాత్రం ఆ తెలివి లేకపోయింది.

కామేశం గురువుగారింట్లోనే ఉండి చదువుకుంటున్నాడు. నలభై ఏళ్ళవాడు, వచ్చి నాలుగేళ్ళయింది. పొద్దున్నే లేచి పరుపు చుట్టి, తన బట్టలన్నీ అందులోనే పెట్టి, తాడుతో బిగించి వీధి తలుపు పక్కన నిలబెట్టేవాడు. కొత్తవాళ్ళు చూస్తే ఇప్పుడే రైలు దిగాడనుకునేవారు. అంతకుముందు ముగ్గురు గురువుల దగ్గర ఇలాగే ఉండి వచ్చాడట. ఎందుకయ్యా ఈ మూట అంటే, "చెప్పలేం కదండీ" అనేవాడు.

దసరాకు ఇంకా వారం ఉందనగా, పాఠం అవుతూనే లేచి నిలబడ్డాడు.

"గురువుగారూ, నా తరవాత వచ్చినవాళ్ళు ఎంతో ముందుకు వెళ్ళిపోయారు. నేను వచ్చిన నాడు ఎలా ఉన్నానో ఈనాడూ అలాగే ఉన్నాను. లోపం మీ పాఠంలో ఉందా, నాలో ఉందా? ఇవాళ తేల్చకపోతే రేపు నా దారి నేను చూసుకుంటాను."

గురువుగారు నోరు విప్పేలోపే మా వీధి వర్ధనమ్మగారు చెంగు నడుముకు దోపుకుని ఉరుకులు పరుగుల మీద వచ్చింది.

"బాబుగారూ, మా వాకిట్లో ఇసుక దిగిపోయిందండీ! మేస్త్రీ రేపొస్తాడు. నా పెరడంతా టైల్స్ వేయించేస్తారట. మా ఆయనకి మీరొక్క మాట చెప్పండి, మీకు పుణ్యముంటుంది!"

వర్ధనమ్మగారి పెరడు మా వీధికంతటికీ తెలిసిన కథే. ఆవిడ భర్త జోగారావుగారు రైల్వేలో స్టేషను మాస్టరు. ముప్ఫై ఏళ్ళలో పదమూడు ఊళ్ళు తిప్పి, రిటైరయ్యాక కిందటేడు సొంతింటికి తీసుకొచ్చాడు. ఆ పెరడు అప్పుడు చూడాల్సింది మీరు! వయ్యారిభామ కలుపు నడుమెత్తున పెరిగి, పగిలిన పెంకులూ, తుప్పు డబ్బాలూ, వాటి మీద తొండలూ. ఈ ఏడాది వేసవిలో ఆవిడ పట్టు పట్టి అదంతా బాగు చేసింది. చేతులు బొబ్బలెక్కినా పట్టించుకోలేదు. ఆషాఢంలో తొలివాన పడగానే కడియం నర్సరీలకు వెళ్ళి, ఆటో నిండా మొక్కలతో దిగింది. విరజాజి, నందివర్ధనం, నిమ్మ, కరివేపాకు, పారిజాతం, మందారం, మొత్తం ఇరవై. వీధంతా అరుగుల మీదికొచ్చి చూసింది. "నా సొంత నేలమ్మా!" అని కనబడ్డవాళ్ళకల్లా చెప్పుకుని మురిసిపోయింది.

తీరా చూస్తే ఏముంది, మూడు నెలలైనా ఒక్కటి తప్ప ఏ మొక్కా జానెడు పెరగలేదు. ఒకరు పుల్లమజ్జిగ పొయ్యమన్నారు, ఒకరు బియ్యం కడుగు పొయ్యమన్నారు, మా ఆవిడైతే దిష్టి తగిలిందని బూడిదగుమ్మడికాయ కట్టించింది. ఉహూఁ! బిందెలు మోసి మోసి పెళ్ళాం నడుం పట్టేసరికి జోగారావుగారు విసిగి, "దసరాకి ఈ పెరడు పచ్చబడకపోతే టైల్స్ వేయించేస్తా" అన్నాడు. అన్నంత పనీ చేయబోతున్నాడు.

గురువుగారు లేచి ఉత్తరీయం వేసుకున్నారు. "కామేశం, ఆ పలుగు పట్టుకో" అన్నారు. అయిపోయింది వీడి పని అనుకుని మేమూ వెంటబడ్డాం.

పెరట్లో మొక్కలు పసుపు తిరిగి, బెత్తెడు బెత్తెడు నిలబడి ఉన్నాయి. ఒక్క మందారం మాత్రం గోడదాకా ఎగబాకి, ఎర్రగా నాలుగు పూలు పూసింది. గురువుగారు దాని దగ్గరే ఆగారు.

"అమ్మా, దీనికి మీరేం చేశారు?"

"దీనికా? ఏమీ చెయ్యలేదండీ. అసలిది బతకదనే అనుకున్నాను. ఆటోలోనే దీని నల్ల కవరు చిరిగిపోయింది. గతిలేక ఉత్త వేళ్ళతోనే మట్టిలో..."

ఆవిడ నోటి మీద చెయ్యి వేసుకుంది.

వెనకే నిలబడి వింటున్న జోగారావుగారు ముందుకొచ్చాడు. "అంటే? మిగతావి?"

గురువుగారు కామేశం వైపు చూశారు. కామేశం విరజాజి పక్కన పలుగు వేసి ఎత్తాడు. నర్సరీవాళ్ళ నల్ల కవరు కవరులాగే పైకొచ్చింది. లోపల వేళ్ళు పోయే దారి లేక, చుట్టూ తిరిగి తిరిగి ఉండ కట్టుకుపోయాయి.

"కవరుతో పాతేశారా! ఎవరైనా ఇలా చేస్తారటండీ!" అని కామేశం విరగబడి నవ్వాడు.

"నేను చేస్తాను నాయనా," అంది వర్ధనమ్మగారు. "సామర్లకోటలో నా మల్లెపొద మొగ్గ తొడిగిన రోజునే బదిలీ కాగితం వచ్చింది. మొక్కని వదిలేసి వెళ్తూ రైల్లో ఊరు దాటేదాకా ఏడ్చాను. ఆ తరవాత ఏ ఊళ్ళోనూ కవరు విప్పలేదు. పొమ్మంటే ఎత్తుకుపోవచ్చని."

"ఇంకెవరే మనల్ని పొమ్మనేది? నేను రిటైరై ఏడాదైంది కదే వెర్రిదానా!" అన్నాడు జోగారావుగారు. కసురుదామనే మొదలుపెట్టాడు గానీ, ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు.

ఆవిడ ఇంట్లోకి వెళ్ళి కూరగాయల కత్తి తెచ్చింది. విరజాజి కవరు మీద పెట్టి, మొగుడి మొహం వైపు ఒకసారి చూసి, సర్రున కోసేసింది. మొక్కను గుంటలో దింపి, దోసిళ్ళతో మట్టి తోసి, పాదాలతో అదిమి, "ఇంక నువ్వెక్కడికీ రావే తల్లీ!" అంది. కళ్ళమ్మట నీళ్ళు, మొహాన నవ్వు!

ఇక ఆ పెరట్లో పెళ్ళి సందడే. ఒకరు తవ్వేవాళ్ళు, ఒకరు కోసేవాళ్ళు. నిమ్మ నాది, పారిజాతం నాది అని పోటీలు. జోగారావుగారు పంచె ఎగగట్టి, టైల్స్ కోసం తెప్పించిన ఇసుక గంపలతో మోసుకొచ్చి గుంటల్లో పోయడం మొదలెట్టాడు. "ఈ బంకమట్టికి ఇసుక కలవాలోయ్, పొయ్యండి, పొయ్యండి!" అని మా మీద కేకలు. వాకిట్లో కుప్ప సగానికి సగం తరిగిపోయింది. ఇంతలో వాన అందుకుంది. ఒక్కరం కూడా చూరు కిందికి పోలేదు. ఆఖరి మొక్క దిగేసరికి జోగారావుగారు మేస్త్రీకి ఫోన్ చేసి, "రేపు రావద్దయ్యా, నేల ఖాళీ లేదు" అని పెట్టేశాడు. వర్ధనమ్మగారు మందారాలు నాలుగూ కోసి గురువుగారి చేతిలో పోసింది.

తడిసి ముద్దయి ఇంటికి చేరాం. కామేశం ఒళ్ళంతా బురదే. నాలుగేళ్ళలో వాడి మొహం అంత వెలిగిపోవడం నేనెప్పుడూ చూడలేదు. అయినా బుద్ధి ఊరుకోదుగా! గుమ్మంలోనే గురువుగారిని ఆపాడు.

"అదంతా బాగానే ఉందండీ. పొద్దున నేనడిగినదానికి జవాబు చెప్పనేలేదు."

గురువుగారు కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చారు. తలుపు పక్కన నిలబెట్టిన పరుపుచుట్టను చూశారు. వంగి, దాని తాడు ముడిని వేలితో ఒకసారి కదిపి చూశారు.

"నాలుగేళ్ళుగా రోజూ వేస్తున్న ముడి, బాగా బిగిసిపోయింది నాయనా," అన్నారు. "వర్ధనమ్మగారి కత్తి అడిగి తెచ్చుకోవలసింది."