పతకంలో వెంట్రుకలు

సర్వేశాచారిగారు అడిగిన ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. ఊదుగొట్టం నోట పెట్టుకుని కుంపటి ఊదుకుంటూ ఊరుకునేవారు. యానాంలో ఫ్రెంచి దొరల నగలు బాగుచేసే కంసాలి ఆయన. ఆ వీధివాళ్ళకి వేదాంతం చెప్పే గురువూ ఆయనే. ఒకనాడు శిష్యుడు కోటిలింగం, "మైల అంటే ఏమిటి గురువుగారూ? అది వస్తువులో ఉంటుందా, ముట్టుకున్న మనిషిలో ఉంటుందా?" అని అడిగాడు. ఆయన ఊదుగొట్టం అందుకున్నారు.

కోటిలింగానికి ఆ ప్రశ్న ఊరికే పుట్టలేదు. ఎవరి నీడ పడినా నీళ్ళు చల్లుకునే రకం. పనిలో మాత్రం చెయ్యి తిరిగినవాడు, ఆ మాట ఒప్పుకోవాలి.

ఆ వారంలోనే, గురువుగారు షావుకారు ఇంటికి వెళ్ళిన పూట, సిదొనీ అనే దొరసాని దుకాణానికి వచ్చింది. బుట్ట బోర్లించినట్టున్న పట్టు పావడా గుమ్మంలో పట్టక, పక్కకి తిరిగి లోపలికి అడుగుపెట్టింది. మెడలో నల్ల రిబ్బనుకి వేలాడే పతకం విప్పి ఇచ్చింది. చుట్టూ నల్ల మీనా పూత, నడుమ స్ఫటికం. సముద్రపు చెమ్మ లోపలికి దిగి స్ఫటికం మసకబారింది. "లోపల శుభ్రం చెయ్యి, మునుపటిలాగ కనబడాలి. సాయంత్రం వస్తాను" అని వచ్చీరాని తెలుగులో చెప్పి వెళ్ళిపోయింది. ఆ రోజుల్లో వాళ్ళ దేశంలో అలాంటి పతకం చూస్తే చాలు, లోపల ఏముందో ఎవరికైనా తెలుస్తుంది. అందుకే ఆమె అంతకన్నా చెప్పలేదు.

కోటిలింగం స్ఫటికం ఊడదీశాడు. కింద జడలా అల్లిన బంగారు రంగు వెంట్రుకలు! అన్నంలో వెంట్రుక వస్తే విస్తరి వదిలి లేచే మనిషికి నగలో వెంట్రుకలు కనబడితే ఎలా ఉంటుంది? పట్టకారుతో తీసి కుంపట్లో పారేశాడు. పతకాన్ని కుంకుడు రసంతో తోమి తళతళలాడించి, తానూ స్నానం చేసి వచ్చాడు.

గురువుగారు తిరిగొచ్చేసరికి దుకాణం నిండా కమురు వాసన. ఖాళీ పతకం చూసి ఆయన కుంపట్లోకి తొంగిచూశారు. "ఈ పతకం నేనెరిగిందే, అది ఆవిడ కూతురి జుట్టురా. పోయినవాళ్ళ వెంట్రుకలు ఇలా దాచుకోవడం వాళ్ళ ఆచారం. పిల్ల ఓడలో జ్వరంతో పోతే సముద్రంలో వదిలేశారు. సమాధి కూడా లేదు. ఆ తల్లికి మిగిలింది ఇదొక్కటే." ఆ పూట ఇక కుంపటి రాజేయనివ్వలేదు.

కోటిలింగం ముఖం పాలిపోయింది. "బంగారు తీగని వెంట్రుకంత సన్నంగా లాగి, అలాగే అల్లి పెట్టేస్తాను. ఆవిడకి తెలియదు" అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే.

"తల్లికా?" అన్నారు గురువుగారు.

సాయంత్రం దొరసాని వచ్చింది. చెప్పవలసినవాడు కోటిలింగమే గనుక గురువుగారు పక్కకి జరిగారు.

"అమ్మా, మురికి అనుకున్నాను. కాల్చేశాను."

ఆమె అరవలేదు, తిట్టలేదు. అరిచి ఉంటే బాగుండునని అతనికి అనిపించింది. "ఎక్కడ?" అని మాత్రం అడిగింది. అతను కుంపటి చూపించాడు. అంత పట్టు పావడాతోనూ ఆమె నేల మీద చతికిలబడి, చల్లారిన బూడిదలో చెయ్యి పెట్టింది. అందులో ఏది పిల్లదో, ఏది బొగ్గులదో ఎవరు చెప్పగలరు? చెప్పలేరని ఆమెకీ తెలుసు. చాలాసేపు వేళ్ళతో వెతికి, చివరికి చిటికెడు తీసి అతని అరచేతిలో వేసింది. "ఇది పెట్టు" అంది.

కోటిలింగం ఆ బూడిదని స్ఫటికం కింద పెట్టి అంచు నొక్కాడు. ఆమె పతకాన్ని మెడకి కట్టుకుని, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్ళిపోయింది. అతనికి ఏడుపు ఆగలేదు.

అయినా పుట్టుకతో వచ్చిన బుద్ధి అంత తేలిగ్గా పోతుందా? కొంతసేపటికి బూడిద అంటిన చేతులు ఎడంగా పట్టుకుని గురువుగారి ముందు నిలబడ్డాడు. "పోయినవాళ్ళది ముట్టుకున్నాను. స్నానం చెయ్యాలా గురువుగారూ?"

"చెయ్యి నాయనా" అన్నారు ఆయన. "ఆ బూడిద అంటినందుకు మాత్రం కాదు."